పెయ్యదూడ కాలు ఎవరి వల్ల వంగింది

మా చుట్టాలు నలుగురు ఒకచోట చేరితే మా బావ మీద ఒక కథ చెప్పుకుని నవ్వుతారు. ఆవు ఈనిన తర్వాత ఆయన దాన్ని దూడకు మరీ దగ్గరగా కట్టేశాడట. ఆవు తొక్కితే దూడ ముందుకాలు దెబ్బతిన్నదట. అందుకే ఆ పెయ్య ఇప్పటికీ కుంటుతోందట. పళ్ళిపట్టు నుంచి ఆవడి దాకా ఈ కథ వినని చుట్టం లేడు. కొందరైతే కూర్చున్న చోటి నుంచి లేచి దూడ నడకను నడిచి మరీ చూపిస్తారు.

ఆ కథ తప్పు. ఆవు దూడను తొక్కలేదు. ఆ కాలు పాడైంది నా చేతిలో. ఆవు తొక్కి ఉంటుందన్న మాట మొదట అన్నది కూడా నేనే. జరిగింది జరిగినట్టు చెప్పగలిగింది నేనే కాబట్టి రాస్తున్నాను.

నేను ఆవడిలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. పుట్టింది మాత్రం అదే తమిళసీమలో, పళ్ళిపట్టు పక్క ఒక తెలుగు నేతవాళ్ళ ఇంట్లో. మా అక్కను ఆ ఊళ్ళోనే ఇచ్చారు. బావ కూడా నేతగాడే. చేమగ్గం మీద చీర నేసినంత కాలం ఆయన ఇంట్లో రాజు. మగ్గం ఆగిపోయాక పక్క ఊరి పవర్‌లూము షెడ్డుకు పోయి లుంగీలు నేసే పనిలో చేరాడు. ఆ మిషన్ల మోతకు ఆయన చెవులు రెండూ మొద్దుబారాయి. ఇంట్లో మనం మామూలుగా మాట్లాడితే వినబడదు, అరిస్తే కోపం వస్తుంది. ఆ షెడ్డు నుంచి బయటపడాలని ఆయన ఒక సూడి ఆవును కొన్నాడు. పెయ్యదూడ పుడితే పెంచుకుంటాడు, అది పాలకు వచ్చిన రోజున షెడ్డు మానేస్తాడు. ఇదీ ఆయన లెక్క. ఊరంతటికీ చెప్పుకున్నాడు ఆ మాట. షెడ్డు యజమానికి కూడా చెప్పాడు.

ఆవు నొప్పులు పడ్డ రోజు ఆదివారం. నేను అక్కను చూసి పోదామని ఆ పొద్దుటే వెళ్ళాను. మధ్యాహ్నం అన్నాలు తింటుండగా కొట్టంలో ఆవు పడుకోవడం, లేవడం, మళ్ళీ పడుకోవడం మొదలుపెట్టింది. దానికది తొలి కాన్పు. చాలాసేపటికి రెండు గిట్టలు బయటికొచ్చాయి, వాటి మీద ముక్కు కొస కనబడింది. అక్కడితో ఆగిపోయింది. ఆవు ముక్కుతోంది, దూడ కదలడం లేదు.

బావ ఫోన్ తీశాడు. "టాక్టరుకి ఒక మాట చెప్దాం రా."

"ఆదివారం పూట ఆయన యాడి నుంచి వస్తాడు బావా," అన్నాను. "వచ్చేలోపల దూడ పోతాది. మనకి చేతులు లేవా?"

"నువ్వెప్పుడన్నా ఆవుకి పురుడు పోసినావా?"

"టన్నుల బరువు దింపే వాణ్ణి నేను. దూడ ఎంతుంటాది?"

అక్క ఆవు తల దగ్గర కూర్చుని గంగడోలు నిమురుతోంది. "వాడికి తెలుసులే," అంది. "మిషన్లతో బతికేవాడు."

ఆ మాటతో బావ ఫోన్ జేబులో పెట్టేశాడు.

మూలనున్న పాత మగ్గానికి పడుగు బిగించే తాడు ఇంకా ఉంది. నేతపని తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. మగ్గం మీద పడుగు దారాలు ఎప్పుడూ బిగువుగా ఉండాలి. అందుకు తాడుతో ఒక ఉచ్చు వేసి, ఆ తాడును గుంజకు చుట్టి, మధ్యలో కట్టె దూర్చి తిప్పుతాం. తిప్పే కొద్దీ ఉచ్చు బిగుస్తుంది, పడుగు సాగుతుంది. చేతికి పెద్దగా శ్రమ ఉండదు. చిన్నప్పటి నుంచి మా ఇళ్ళల్లో ఆడా మగా అందరికీ వచ్చిన పని ఇది. నేను ఆ తాడు తెచ్చి, దూడ ఎడమకాలికి గిట్ట పైనున్న కీలుకు కాస్త ఎగువన అదే ఉచ్చు వేశాను. రెండో కొసను కొట్టం గుంజకు చుట్టి కట్టె దూర్చాను. కుడికాలు బావ గోనెపట్టాతో గట్టిగా పట్టుకున్నాడు.

"ఆవు ముక్కేటప్పుడు లాగాలంట రా," అన్నాడు బావ. "అది ఆపితే మనమూ ఆపాలంట. మా నాయన చెప్తా ఉండినాడు."

నేను ఆపలేదు. పడుగు బిగించేటప్పుడు ఎవరూ ఆపరు. కట్టె తిప్పుతూ పోయాను. ఒక తిప్పు దగ్గర తాడు గుండా నా చేతికి చిన్నగా ఏదో తగిలింది. మెత్తటి పుల్ల విరిగినట్టు. చప్పుడు వినబడలేదు, చేతికి మాత్రమే తెలిసింది. ఫ్యాక్టరీలో బోల్టు బిగిస్తున్నప్పుడు మర తెగితే ఇలాగే తెలుస్తుంది. బోల్టు చేతికి వదులుగా వచ్చేస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ తేడా కనిపెట్టినందుకే జీతం తీసుకుంటున్నాను. కాబట్టి నాకు తెలియలేదని అనలేను. తెలిసింది. తెలిసీ ఇంకో తిప్పు తిప్పాను.

దూడ వచ్చేసింది. పెయ్య. నుదుట తెల్ల మచ్చ. బావ దాని ముక్కులో జిగురు తుడిచి, వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి ఊపాడు. అది చీది ఊపిరి తీసుకుంది. ఆయన ముఖం నేను ఇంతవరకు ఎవరి పెళ్ళిలోనూ చూడనంత వెలిగింది.

"బామ్మర్దీ, నీ పేరే పెట్టేద్దామా దీనికి?" అన్నాడు.

"ఆడదానికి నా పేరేంది బావా."

"నువ్వు లాగకపోతే ఇది యాడుండేది."

సాయంత్రం బస్సుకు నేను వచ్చేశాను. పెయ్య లేచి నిలబడిందని చూసే వచ్చాను. ఎడమకాలు నేలకు ఆనించీ ఆనించకుండా పెట్టింది. కొత్తగా పుట్టింది కదా అనుకున్నాను. అనుకోవడానికి ఎంతో కష్టపడ్డాను అంటే సరిగా ఉంటుంది.

కొన్నాళ్ళకు అక్క ఫోన్ చేసింది. కాలు వాచిందట. నేను ఆ వారాంతమే వెళ్ళాను. కీలు పైన ఎముక చుట్టూ వాపు, వేడి. బావ దిగులుగా కొట్టం గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఎట్లయింది రా ఇది? బాగానే ఉండె కదా," అన్నాడు.

ఆవు పలుపు దూడ పక్కనే ఉన్న గుంజకు కట్టి ఉంది. నా కళ్ళు దాని మీద పడ్డాయి. నోరు దానంతటదే పలికింది. "ఇంత దగ్గరగా కట్టినావేంది బావా? ఆవు తొక్కింటాది."

బావ ఆ పలుపు వంక చూశాడు. గుంజ వంక చూశాడు. ఆయన ముఖంలో వెలుతురు ఆరిపోవడం నేను కళ్ళారా చూశాను. "నిద్రలో ఉండినానేమో," అన్నాడు. "రాత్రి షెడ్డు నుంచి వచ్చి కొట్టంలోనే పడుకుంటి."

అక్క అందుకుంది. "నీకు చెప్తానే ఉండా, దూరంగా కట్టు దూరంగా కట్టని. చెవుల్లో పడితే కదా."

ఆ రోజు నుంచి మొదలైంది. ఎవరొచ్చినా ముందు అక్క చెబుతుంది, తర్వాత బావ తల ఊపుతాడు.

అంతటితో ఆగినా కొంత నయమే. ఆగలేదు. నాకు పెళ్ళికాక ముందు సైకిలు మీద నుంచి పడి చేయి విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకున్నాను. ఆ చేయి ఈ రోజుకీ ఇనుములా ఉంది. మా వైపు ఎముక విరిగితే ముందు నోటికొచ్చే మాట ఆ కట్టే. కట్టడం ఆ విద్య నేర్చినవాళ్ళ పని. నేను నేర్చుకున్నది కట్టించుకోవడం ఒక్కటే. అయినా గుడ్డులో తెల్లసొన తీసి, పాత పంచె చింపి, వెదురు బద్దలు చెక్కి దూడ కాలికి నా కట్టు నేను కట్టాను. బద్దల మీద నేతగాడి ముడి వేశాను, సడలకుండా.

"టాక్టరుకి చూపిద్దాం రా," అన్నాడు బావ రెండోసారి.

"కట్టించుకున్న చేయి నాది బావా. నాకు తెలీదా."

కట్టులో ఉన్నంతకాలం కాలు కంటికి కనబడలేదు. వాపు తగ్గిందో లేదో, ఎముక ఎటు పోతోందో ఎవరూ చూడలేదు. కట్టు విప్పినప్పుడు కాలు నిటారుగానే ఉంది. దూడ నడిచింది. అక్క నన్ను మెచ్చుకుని జున్ను దాచలేకపోయానని బాధపడింది. ఆవడిలో మా ఫ్యాక్టరీలో కూడా నేను ఈ సంగతి చెప్పుకున్నాను. పురుడు పోసింది నేనే, కట్టు కట్టింది నేనే అని.

తర్వాత దూడ పెరిగింది. పెరగడమే దానికి శత్రువైంది.

ఆ తర్వాత నేను నేర్చుకున్నది ఇక్కడే చెప్తాను, ఎందుకంటే దూడలు, మేకపిల్లలు, కుక్కపిల్లలు పెంచే ఎవరికైనా పనికొస్తుంది. లేత ఎముక పొడుగంతా ఒకేలా పెరగదు. కొస దగ్గర మెత్తటి పలచని పొర ఒకటి ఉంటుంది. గ్రోత్ ప్లేట్ అంటారు డాక్టర్లు. ఎముక పొడుగు సాగేది అక్కడే. పెద్ద పశువుకు అది గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. పిల్లల్లో ఎముక కంటే, కీలును పట్టే నరాల కంటే అదే బలహీనం. పెద్దదానికి బెణుకుతో పోయే దెబ్బ చిన్నదానికి ఆ పొరకు తగులుతుంది. నలిగిన చోట పెరుగుదల ఆగిపోతుంది. పొర మొత్తం నలిగితే కాలు పొట్టిదవుతుంది. ఒక పక్కే నలిగితే ఆ పక్క ఆగిపోయి, రెండో పక్క పెరుగుతూ పోతుంది, కాలు వంగుతుంది. దెబ్బ తగిలిన రోజున ఏమీ కనబడదు. పిల్ల ఎంత బాగా పెరిగితే వంకర అంత పెద్దదవుతుంది.

మా పెయ్య బాగా పెరిగింది. బావ తన తిండి మరిచి దానికి పెట్టాడు. ఎడమకాలి లోపలి పక్క ఆగిపోయింది, బయటి పక్క సాగింది. గిట్ట మెల్లగా లోపలికి తిరిగింది. మొదట ఊళ్ళోకి వచ్చే పశువుల డాక్టరు చూశాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఈనేటప్పుడు లాగినారా?" నేనక్కడే ఉన్నాను.

"కొంచెం," అన్నాను. "చేత్తోనే."

బావ నా వంక చూసి ఊరుకున్నాడు. డాక్టరు తిడతాడని భయపడి అన్నానని అనుకున్నాడట, తర్వాత చెప్పాడు. ఆవు తొక్కిందని ఆయనే తన నోటితో చెప్పుకున్నాడు. లేత దూడల కాళ్ళు కొంచెం వంకరున్నా చదునైన నేల మీద ఉంచితే సర్దుకోవడం మామూలే, కొన్నాళ్ళు చూద్దాం అన్నాడు డాక్టరు. ఆయన తప్పు లేదు. ఆయనకు చెప్పిన దాన్ని బట్టి ఆ సలహా సరైనదే. చూస్తూ ఉన్నాం. దూడకు మిగిలి ఉన్న పెరుగుదలలో మంచి భాగం అలా చూడడంలో పోయింది.

ఒకనాడు పశువుల బేరగాడు వచ్చాడు. అక్కే పిలిపించింది. కుంటి పశువు సూడిదైతే ఆ బరువు ఆ కాలు మోయదని, ఇప్పుడే పంపించేస్తే మంచిదని ఊళ్ళో అందరూ అంటున్నారు. పంపించేది ఎక్కడికో ఎవరూ పైకి అనలేదు. నేను ఆ రోజు వెళ్ళేసరికి బేరగాడు పెయ్య నడుము తడిమి చూస్తున్నాడు. బావ కొట్టం వాకిట్లో అడ్డంగా కూర్చుని ఉన్నాడు.

"లెయ్యి," అంటోంది అక్క. "కాలు లేనిదాన్ని పెట్టుకుని ఏం చేస్తావు? నీ షెడ్డు నువ్వు మానేదీ లేదు, ఇది పాలిచ్చేదీ లేదు."

"నా తప్పుకి దాన్ని యాల పంపిస్తావు?" అన్నాడు బావ. "తొక్కే చోట కట్టింది నేను. నన్ను పంపించు."

"నిన్నెవరు కొంటారు?" అంది అక్క. బేరగాడు కూడా నవ్వాడు.

నేను నవ్వలేదు. బేరగాడిని పంపించేసి, ఊళ్ళో మినీ వ్యాను మాట్లాడి, పెయ్యను తిరువళ్ళూరు దాటి ఉన్న పెద్ద పశువుల ఆసుపత్రికి తీసుకుపోదామన్నాను. దారంతా వెనక గడ్డి మీద దూడ, దాని పక్కన బావ, ముందు నేను. తిరుత్తణి దాటాక కూడా నేను వెనక్కి తిరిగి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడినా ఆయనకు వినబడదనే వంక ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. తమిళంలోనే మాట్లాడింది, నేను మా తెలుగులో రాస్తున్నాను. ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పట్టి చూసింది. కీలు పైన పొర గీతలా కనబడుతోంది. లోపలి పక్క ఆ గీత మసకబారింది.

"ఎప్పుడు తగిలింది దెబ్బ?"

"పుట్టిన కొన్నాళ్ళకి, అమ్మా," అన్నాడు బావ. "ఆవు తొక్కింది. నేను దగ్గరగా కట్టినాను."

ఆమె మళ్ళీ ఫిల్ము చూసింది. "తొక్కితే ఎముక పగిలి అతుక్కుని ఉండాలి. ఆ అతుకు వల్ల నీడ ఇలా కనబడుతుంటే పొర బతికే ఉండవచ్చు. అప్పుడు కత్తి పెట్టడం దండగ. ఇంకో నెల చూసి మళ్ళీ ఫిల్ము తీద్దాం. పొరే నలిగి ఉంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగకూడదు. రెండో పక్క పెరుగుదలను ఇప్పుడే పట్టి ఆపాలి, లోపలి పక్క కొంచెమన్నా అందుకునేలా. ఫిల్ములో సగమే తెలుస్తోంది. మీరు ఉన్నదున్నట్టు చెబితే మిగతా సగం తెలుస్తుంది."

బావ తల ఊపాడు. ఉన్నదున్నట్టే చెప్పానన్న నమ్మకం ఆయనది. ఇంకో నెల అంటే ఇంటికి వెళ్ళాలి. ఇంటి దగ్గర అక్క, బేరగాడు.

"తొక్కలేదు డాక్టర్," అన్నాను. "తాడేసి లాగినాను. గుంజకు చుట్టి, కట్టె పెట్టి తిప్పినాను."

ఆమె ఫిల్ము దించింది. "తాడు ఎక్కడ వేశారు?"

చూపించాను. వేలు సరిగ్గా ఫిల్ములో మసకబారిన చోటికే పోయింది.

"ఒకటే ఉచ్చా?"

"ఒకటే."

"కీలు పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు వెయ్యాలి. లాగుడు రెండు చోట్లా పంచుకుంటుంది. అదీ మనుషులు చేత్తో లాగాలి, ఆవు ముక్కినప్పుడే లాగాలి. కట్టె పెట్టి తిప్పడానికి అదేమన్నా..." అని మాట వెతుక్కుంది.

"మగ్గం," అన్నాను.

"చేతికేమన్నా తెలిసిందా అప్పుడు?"

"తెలిసింది."

ఇంకేమీ తిట్టలేదు. రాసుకుని, "రేపు పొద్దున్నే చేద్దాం," అని లోపలికి పోయింది.

బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఎంత వినబడిందో తెలియలేదు. వినబడకపోయి ఉంటే మళ్ళీ చెప్పాలి. అందుకు సిద్ధపడి ఆయన చెవి దగ్గరకు వంగాను.

"అరవొద్దు," అన్నాడు. "వినబడింది."

ఆ తర్వాత చాలాసేపు ఆయన దూడ దగ్గరే ఉన్నాడు. నేను బయట చెట్టు కింద ఉన్నాను. సాయంత్రం రెండు టీలు తెచ్చి ఒకటి నాకిచ్చాడు.

"కుడికాలు నేను పట్టుకుంటిని కదా," అన్నాడు. "అది బాగానే ఉండాది."

ఆ ఒక్క మాటే. ఇంతకంటే పెద్ద తిట్టు నేను నా జన్మలో తినలేదు.

మర్నాడు ఆపరేషన్ జరిగింది. కాలి బయటి పక్క, పొరకు అటొకటి ఇటొకటి మరలు వేసి, వాటిని తీగతో బిగించి కలిపారు. ఆ పక్క పెరగకుండా ఆ తీగ పట్టి ఉంచుతుంది. ఫిట్టరుకు ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే వైద్యం ఉండదు. లోపలి పక్క మిగిలి ఉన్న కొద్ది ప్రాణంతో పెరిగింది. వంకర తగ్గుతూ వచ్చింది. తర్వాత మరలు తీసేశారు. పూర్తిగా పోలేదు. "ఇంకా ముందే తెచ్చి ఉంటే కుంటడం కూడా కనబడేది కాదు," అంది డాక్టరమ్మ. ఆ మాట ఆమె బావతో అంది. చూసింది మాత్రం నన్ను. ఆ కాలు రెండోదాని కంటే కాస్త పొట్టి. నడిస్తే తల ఒక పక్కకు ఊగుతుంది. అయినా నిలబడుతుంది, తన బరువు తను మోస్తుంది, సూడి కట్టించవచ్చని డాక్టరమ్మ చెప్పింది. బేరగాడు మళ్ళీ రాలేదు.

ఆపరేషన్ చేయించి తిరిగి వచ్చేటప్పుడు వ్యాను వెనక నేను కూడా గడ్డి మీదే కూర్చున్నాను. తిరుత్తణి దగ్గర పడుతుండగా బావ అన్నాడు, "మీ అక్కకి చెప్పొద్దు."

"యాల?"

"పుట్టింటి నుంచి దానికి మిగిలింది నువ్వొక్కడివే. నీ మీద మనసు విరిగితే మళ్ళా అతకదు. నన్ను తిట్టడం దానికి అలవాటే."

"మరి చుట్టాలు?"

"నాకు సగమే వినబడతాది లే."

నేను ఒప్పుకున్నాను. ఆపరేషన్‌కు నోరు విప్పాను కదా, అంతకంటే ఏం కావాలని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కథ అలాగే నడిచింది. పెళ్ళిళ్ళలో నడిచింది, పెద్దకర్మల్లో నడిచింది. బావ వింటూ, వినబడని చోట నవ్వుతూ కూర్చునేవాడు. అలా కూర్చున్నప్పుడల్లా నేను చేతులు కడుక్కోవడానికి లేచేవాణ్ణి.

మొన్న మా అక్క మనవడికి తిరుత్తణిలో చెవులు కుట్టించారు. కొండ మీద గుళ్ళో పని ముగించుకుని కింద ఒక మండపంలో భోజనాలు పెట్టుకున్నాం. మా పెద్దమామ ఒకాయన ఉన్నాడు. వయసు మళ్ళినా గొంతు తగ్గలేదు. బావ మనవణ్ణి ఎత్తుకుని వరసలోకి వస్తుంటే ఆయన ఆకు ముందు కూర్చుని కేకేశాడు.

"ఏమప్పా, బిడ్డను గట్టిగా పట్టుకో. ఆవు పక్కన గీవు పక్కన పడుకోబెట్టేవు. ఇంటికొక కుంటిది చాలు."

వరస వరసంతా నవ్వింది. పిల్లవాడి మేనమామ కూడా నవ్వాడు. బావ కూడా నవ్వాడు. ఆ మాట ఆయనకు పూర్తిగా వినబడిందని నాకు తెలిసింది, ఎందుకంటే పిల్లవాణ్ణి పట్టుకున్న చేయి మార్చుకున్నాడు.

నేను సాంబారు వడ్డిస్తున్నాను. బకెట్టు కింద పెట్టాను.

"మామా, ఆవు తొక్కలేదు," అన్నాను. "ఆ కాలు విరిచింది నేను. తాడేసి లాగి విరిచినాను. ఆవు తొక్కిందని అబద్ధం చెప్పింది కూడా నేనే. బావకి ఆ దూడ కాలితో ఏ సంబంధమూ లేదు, దాన్ని నిలబెట్టడం తప్ప."

పెద్దమామ ఆకులో అన్నం కలుపుతూ ఆగాడు. "సరే, సాంబారు పొయ్యి," అన్నాడు. పోశాను.

మిగతా వరసలు ఎలా వడ్డించానో తెలియదు. అక్క వంటగది వైపు నిలబడి ఉంది. అందరి భోజనాలు అయ్యాక నన్ను పిలిచింది. బావ అప్పటికే అక్కడ తడిచేతులు తుండుకు తుడుచుకుంటున్నాడు.

"అక్కా, నీకు ముందే చెప్పుండాల," అన్నాను.

"నాకేం చెప్తావు? నేను ఆడనే ఉండినాను కదా," అంది. "పుట్టి లేచిన మొదటిసారే ఆ కాలు ఊనలేదు అది. నువ్వు సాయంత్రం బస్సుకి పోయినావు. ఆవుని కట్టింది నువ్వు పోయినాక. కట్టకముందే కుంటుతా ఉంటే ఎట్ల తొక్కింటాది?"

బావ తుండు దించి అక్క వైపు తిరిగాడు. "తెలిసే నన్ను తిట్టినావా ఇంతకాలం?"

"మరి?"

"వాడిని తిట్టాల కదా."

"వాడిని తిడితే మళ్ళా ఇంటికి రాడు. నువ్వు యాడికి పోతావు?"

బావ దాని గురించి కొంచెం ఆలోచించాడు. నేను అక్కడ నిలబడి లెక్క వేసుకున్నాను. ఆయన అక్క కోసం నా తప్పు మోశాడు. అక్క నా కోసం ఆయన్ని తిట్టింది. ఇద్దరూ కలిసి నన్ను కాపాడారు. ఆ కాపాడుతున్న రోజుల్లో దూడకు పోయిన పెరుగుదల మాత్రం ఎవరూ తెచ్చివ్వలేనిది. ఆ విషయంలో నాకు ఏ క్షమాపణా పనికిరాదు. అక్క చెప్పేయాల్సింది, నేను ఇంకా ముందు చెప్పేయాల్సింది. ఈ మాట ఆమె ముందే అన్నాను.

"అవును," అంది అక్క. "నేనూ చెప్పుండాల. రక్తం అట్ల చేయిస్తాది."

"అయితే ఇంక తిట్టవా?" అన్నాడు బావ.

"యాల తిట్టను? ఈ పొద్దు గడ్డి ఎవరు కోసినారు? అందరమూ ఈడ తింటా ఉండాము, ఆడ అది నిలబడి అరస్తా ఉంటాది."

అది నిజం. మిగతా ఆవుల్లా ఆ పెయ్యను మేతకు తోలలేం. చెరువు గట్టు దాకా పోయి రావడానికి ఆ కాలు చాలదు. రోజూ గడ్డి కోసి దాని ముందుకు తెచ్చి వేయాలి. వేస్తున్నది బావే, షెడ్డు నుంచి వచ్చి, నిద్ర మానుకుని. షెడ్డు ఆయన ఇంకా మానలేదు.

బావ చెప్పులు వేసుకున్నాడు. పళ్ళిపట్టు బస్సు ఎన్నింటికని ఎవరినో అడిగి, సరిగా వినబడక మళ్ళీ అడిగాడు. నేను కూడా చెప్పులు వేసుకుని ఆయన వెనకాలే బస్టాండు వైపు నడిచాను.

"నువ్వెందుకు?" అన్నాడు తిరిగి చూసి. "ఆవడి రైలు అటు."

"కొడవలి రెండోది ఉండాదా ఇంట్లో?" అని ఆయనకు వినబడేటట్టు గట్టిగా అడిగాను.

"ఉండాది," అన్నాడు. "మొండిది."